చివరి డబ్బా వెనక బోర్డు

మా నాన్నకు గుడ్డితనం నేర్పింది నేను. ముందే చెప్పేస్తున్నాను, తిట్టుకునేవాళ్ళు ఇక్కడినుంచే మొదలుపెట్టుకోవచ్చు. మా అమ్మ ఎలాగూ విజయనగరం నుంచి పలాస దాకా ఉన్న చుట్టాలందరికీ ఈ సంగతి చేరవేసింది. చేరవేయనివ్వండి. ఉషారాణికి సిగ్గు లేదని వాళ్ళంతా అనుకుంటే నాకు పోయేదేమీ లేదు. పోవలసింది ఎప్పుడో పోయింది.

తొంభై ఒకటో సంవత్సరం. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో రెండు గదుల క్వార్టరు మాది. నాన్న పేరు అమ్మన్న. కేబిన్‌లో లీవర్‌మ్యాన్. కేబిన్ అంటే పట్టాల పక్కన మేడ గది, చుట్టూ అద్దాల కిటికీలు, మధ్యలో మనిషి ఎత్తు ఇనుప లీవర్లు నలభై ఎనిమిది, వరసగా. ఒక్కో లీవరు లాగితే తీగ కదిలి ఎక్కడో దూరంగా పట్టా జరుగుతుంది, లేదా సిగ్నల్ రెక్క వాలుతుంది. లాగడమంటే చీపురుపుల్ల ఎత్తడం కాదు. చేతికి పాత గుడ్డ చుట్టుకుని, కాలు తన్నిపెట్టి, ఒళ్ళంతా వెనక్కి వాల్చాలి. ముప్ఫై మూడేళ్ళు ఆ పని చేసి నాన్న కుడి భుజం ఎడమదాని కంటే లావెక్కింది. తార్‌బహార్ బజారు దర్జీ ఆయన చొక్కాకు కుడి చెయ్యి వదులుగా కుట్టేవాడు, ఎడమ చెయ్యి మామూలుగా.

లీవర్లు కాక ఆయనకు ఇంకో పని ఉండేది. బండి వెళ్తుంటే కిటికీ దగ్గర నిలబడి చివరి డబ్బా వెనక చూడాలి. అక్కడ ఒక చిన్న బోర్డు ఉంటుంది. బోర్డు కనిపిస్తే బండి మొత్తం వచ్చినట్టు. కనిపించకపోతే బండి దారిలో ఎక్కడో తెగిపోయి, సగం డబ్బాలు వెనక పట్టాల మీదే ఉండిపోయినట్టు. అప్పుడు వెనక వచ్చే బండిని ఆపాలి, లేకపోతే అది వెళ్ళి వాటిని గుద్దుకుంటుంది. నాన్న చూడకుండా వదిలిన బండి లేదు. కేబిన్‌లోనే కాదు, ఇంట్లో అన్నం తింటున్నా, బజారుకు వెళ్తున్నా, బండి చప్పుడైతే మెడ అటు తిరిగేది. మా వరండాలోంచి లైను కనిపిస్తుంది. ముద్ద చేతిలోనే ఆగిపోయేది, బోర్డు చూశాకే నోట్లోకి వెళ్ళేది. "బోర్డుంది," అనేవాడు, ఎవరూ అడక్కపోయినా. "ఉంటే ఉంది, తిను," అనేది అమ్మ. రోజుకు పదిసార్లు ఇదే తంతు.

ఆ యేడు పేనెల్ వస్తోందని కబురొచ్చింది. ఇక లీవర్లుండవు, తీగలుండవు. చల్లటి గదిలో ఒకడు కూర్చుని బల్ల మీద రెండు బొత్తాలు నొక్కితే పట్టాలు వాటంతటవే జరుగుతాయి. బోర్డు చూడక్కర్లేదు, పట్టాకు బిగించిన పెట్టె ఒకటి చక్రాలు లెక్కపెట్టుకుంటుంది. ఎన్ని చక్రాలు లైనులోకి వెళ్ళాయో అన్నీ బయటికొస్తే బండి పూర్తిగా వచ్చినట్టే. దాన్ని బిగించడానికి వచ్చిన ఇంజినీరు లీవర్‌మ్యాన్‌లందరినీ కూర్చోబెట్టి, ఇకనుంచి మెషిన్ కష్టపడుతుంది, మీరు ఆరాం చేసుకోండి అని చెప్పాడట. నాన్న ఇంటికొచ్చి ఆ మాట చెబుతూ నవ్వాడు. నిజంగానే సంతోషపడ్డాడు, పిచ్చి మనిషి.

"నడుం నొప్పి ఇంక ఒగ్గేస్తాదంటమ్మీ," అన్నాడు.

"అచ్ఛా," అన్నాను నేను.

ఆయనకు ఆరాం. మరి నాకు? నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. బి.ఏ. పాసయ్యాను, హిందీలోనూ ఇంగ్లీషులోనూ టైపు నేర్చుకున్నాను. మూడేళ్ళుగా ఎక్కడికి వెళ్ళినా ఒకటే మాట, ఖాళీలు లేవు. మెషిన్లు వస్తున్నాయి, ఉన్నవాళ్ళే ఎక్కువైపోయారు, సర్‌ప్లస్. అన్నం మిగిలినట్టు మనుషులు మిగిలిపోతారన్నమాట. నాన్న రిటైర్మెంటు ఇంకా పదహారు నెలలు. ఆయన దిగిపోతే క్వార్టరు ఖాళీ చేయాలి. మా తాత పట్టాలు వేయడానికి ఈ ఊరొచ్చిన నాటి నుంచి మాకు రైల్వే వాళ్ళ గోడలే తప్ప సొంత గోడ లేదు.

ఒక్కటే దారి ఉండేది. ఉద్యోగంలో ఉన్న మనిషి చచ్చిపోయినా, ఇక ఏ పనికీ పనికిరాడని డాక్టర్లు రాసినా, బిడ్డకు ఉద్యోగం ఇస్తారు. పై ఆఫీసులో భానుప్రియ అని ఒకావిడ మొగుడు పోయాక అలాగే వచ్చింది. ఫ్యాను కింద కుర్చీ, బల్ల, టైపు మిషను, దాని మీద ప్లాస్టిక్ కవరు. దరఖాస్తు ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా ఆ కుర్చీనే చూసేదాన్ని. ఆవిడ మొగుడి మీద నాకెప్పుడూ జాలి కలగలేదు. నాకు అలాంటి కుర్చీ కావాలి. ఇస్త్రీ చీర కట్టుకుని, సంచీ భుజాన వేసుకుని, పొద్దున పదింటికి ఆ మెట్లెక్కాలి. అంతే నా కోరిక. పెద్ద కోరికేం కాదు.

ఈ విద్యలో మా కాలనీకి గురువు శంకరరావు మావయ్య. మూడిళ్ళ అవతల ఉండేవాడు. రెండేళ్ళ కిందట రెండు కళ్ళూ పోయాయని రాయించుకుని ఉద్యోగం కొడుక్కి ఇప్పించుకున్నాడు. వీధిలోకొస్తే నల్లద్దాలు, చేతికర్ర, పెళ్ళాం భుజం మీద చెయ్యి. సదర్ బజార్లో దుకాణాలవాళ్ళు లేచి మరీ దారిచ్చేవారు. ఇంట్లో తలుపేసుకుని బియ్యంలో రాళ్ళేరేవాడు. పెళ్ళాం కంటే బాగా ఏరేవాడు.

"కళ్ళు మూసుకోడం కాదే అమ్మీ," అన్నాడు నాతో. "తెరిసే ఉండాల. ఎదర గోడున్నా, గొయ్యున్నా, ఎవుడైనా గుద్దడానికొచ్చినా కంటిరెప్ప కదలకూడదు. డాక్టరు పట్టుకునేది అక్కడే. మీ అయ్యవి డేగ కళ్ళు. ఆటిని సంపాలంటే ఆరు నెల్లు పడతాది."

"మూడు నెలలే ఉంది మావయ్యా. పేనెల్ రాకముందే అయిపోవాలి."

ఎందుకంటే, పేనెల్ వచ్చాక నాన్న సర్‌ప్లస్. సర్‌ప్లస్ వాళ్ళు సంతకం పెట్టి బెంచీ మీద కూర్చోవాలి. బెంచీ మీద కూర్చోడానికి కళ్ళక్కర్లేదు. గుడ్డివాడైనా ఫిట్టే.

"అయితే జాలి పడకు మరి," అన్నాడు మావయ్య.

నేను పడలేదు.

నాన్నను ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది. ఆయనకు అబద్ధం చేతకాదు. "అబద్ధం ఆడొద్దు నాన్నా, చూడకు, అంతే," అన్నాను. చాలాసేపు తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

"నీకు కుర్సీ వస్తాదేటి?" అన్నాడు చివరికి.

"వస్తుంది."

"అయితే సరే."

కళ్ళు మసకలని సిక్ లీవు పెట్టించాను. మర్నాటి నుంచి ఇంట్లో బడి. పొద్దున్నే ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కంటిముందు హఠాత్తుగా వేళ్ళు విదిలించేదాన్ని. రెప్ప కొట్టుకుంటే టీ లేదు. మొదటి వారం ఆయనకు టీ దొరకలేదు. గుమ్మానికి అడ్డంగా స్టూలు పెట్టి రమ్మనేదాన్ని. తెలివిగా పక్కనుంచి వచ్చేవాడు. "గుడ్డివాళ్ళు పక్కనుంచి రారు," అని మళ్ళీ వెనక్కి పంపేదాన్ని. పదోసారో, పదకొండోసారో తిన్నగా వచ్చి స్టూలుకు గుద్దుకున్నాడు. మోకాలి కింద చర్మం లేచి రక్తం కారింది. నేను చప్పట్లు కొట్టాను. నిజం చెబుతున్నాను, చప్పట్లు కొట్టాను.

"ఒలే, ఆడు నీ కన్నతండ్రి గాదేటే, రాకాసిగుంటా!" అంది అమ్మ, పసుపు పట్టుకుని పరిగెత్తుకొచ్చి.

"కన్నతండ్రి కాబట్టే. పరాయివాడైతే నాకెందుకు ఉద్యోగం ఇస్తాడు?" అన్నాను.

అన్నిటికంటే కష్టం బండి చప్పుడు. వేళ్ళకు రెప్ప కొట్టకుండా ఉండడం నేర్చుకున్నాక కూడా, బండి వస్తే మెడ దానంతటది తిరిగిపోయేది. నేను ఆయన ఎదురుగా కూర్చుని గడ్డం పట్టుకునేదాన్ని. నా వేళ్ళ కింద మెడనరాలు బిగుసుకోవడం తెలిసేది. బండి వెళ్ళిపోయేదాకా అలాగే పట్టుకునేదాన్ని. నెల రోజులు పోయాక పట్టుకోవలసిన పని లేకపోయింది. ముద్ద చేతిలో ఆగేది, మెడ మాత్రం కదిలేది కాదు. "బోర్డుంది" అనే మాట మా ఇంట్లో వినబడడం మానేసింది. అన్నం సహించక మనిషి చిక్కిపోయాడు. చిక్కితే మంచిదే అనుకున్నాను, రోగిష్టిలా కనిపిస్తాడు.

ఒకరోజు అన్నం వార్చిన గంజి గిన్నె వంటింటి గడపలో పెట్టాను, పొగలు కక్కుతూ ఉంది. అమ్మ నూతి దగ్గరుంది. "నాన్నా, ఇలా రా," అని పిలిచాను. వచ్చాడు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగాడు. గిన్నె కనిపించింది ఆయనకు, నాకు తెలుసు. కళ్ళు నా మొహం మీద పెట్టి, కాలెత్తి, గిన్నెలో పెట్టాడు. అరవలేదు. "ఏటమ్మీ, ఎందుకు పిలిసినావు?" అన్నాడు. పాదం మీద చర్మం ఉడికిన బంగాళాదుంప తొక్కలా ఊడొచ్చింది. అమ్మ వచ్చి నన్ను చీపురుతో కొట్టింది. కొట్టనిచ్చాను. ఆ కాలిన పాదమే ఆసుపత్రిలో మాకు సగం పని చేసిపెట్టింది.

కళ్ళ డాక్టరు మంచివాడే, కానీ గట్టివాడు. పేనెల్ కబురు వచ్చాక కాలనీలో సగం మందికి చూపు తగ్గిందని ఆయనకూ తెలుసు. మొదటిసారి గోడ మీద అట్ట చూపించాడు. అక్షరాలు రానివాళ్ళకోసం పెట్టినది, మూడు కాళ్ళ గుర్తు ఎటు తిరిగి ఉందో చేత్తో చూపించాలి. నాన్న గోడ ఎక్కడుందని అడిగాడు. డాక్టరు కళ్ళలోకి టార్చి వేశాడు, పక్కనుంచి హఠాత్తుగా చెయ్యి విసిరాడు. ఏమీ లేదు. రెండోసారి వెళ్ళినప్పుడు ఒక పెద్ద అద్దం తెచ్చి నాన్న మొహం ముందు అటూ ఇటూ ఊపాడు. చూపున్నవాడైతే కళ్ళు అద్దంతో పాటు ఊగుతాయట, ఆపుకోవడం మనిషి తరం కాదట. నాన్న కళ్ళు గాజుగోళీల్లా అలాగే ఉండిపోయాయి.

బయటికొచ్చాక అడిగాను, ఎలా ఆపుకున్నావని.

"హౌరా మెయిలుకు లైనిచ్చినాను," అన్నాడు. "ముందు ఏడు, తరవాత పన్నెండు, పదమూడు, ఆపైన ముప్పై ఒకటి. లీవర్లన్నీ మనసులో లాగుతుంటే ఎదరున్నది కనిపించదమ్మీ."

ఆయన నాకు ముద్దొచ్చాడు ఆ ఒక్క నిమిషం. ఆ రోజు డాక్టరు కాలిన పాదం చూసి తల ఊపాడు కూడా. "రేపు ముగ్గురు డాక్టర్లం కూర్చుంటాం, ఇక సంతకాలే," అన్నాడు. సంతకాలే! ఇంటికి నడుస్తూ నేను ఏ రంగు చీర కట్టుకోవాలో ఆలోచిస్తున్నాను. నాన్న శంకరరావు మావయ్య నల్లద్దాలు పెట్టుకుని, కర్ర పట్టుకుని, నా భుజం మీద చెయ్యి వేసుకుని కుంటుతూ వస్తున్నాడు. ఎండ మండిపోతోంది.

దారిలో లెవల్ క్రాసింగు గేటు పడి ఉంది. ఆగాం. సైకిళ్ళు, రిక్షాలు, ఒక ఎడ్లబండి. బొగ్గు గూడ్సు వచ్చింది, పొడుగ్గా, నెమ్మదిగా. డబ్బాలు దాటుతున్నాయి, దాటుతున్నాయి. నేను మనసులో నీలం చీరా, గోధుమరంగు చీరా అనుకుంటున్నాను. చివరి డబ్బా దాటింది. అప్పుడు నా భుజం మీద బరువు లేచిపోయింది.

తిరిగి చూసేసరికి నాన్న చేతిలో కర్ర లేదు. నల్లద్దాలు నేలమీద ఉన్నాయి. గేటు కడ్డీ కింద నుంచి దూరి, కాలిన కాలితో గేట్‌మ్యాన్ గుమ్టీ గది వైపు పరుగు.

"బోర్డు లేదు! బుధరామ్, బోర్డు లేదురా! గార్డు డబ్బా కూడా లేదు! బండి తెగిపోనాది, ఎనక పాసింజరుంది, ఆపమను, ఫోను సెయ్యి!"

గేట్‌మ్యాన్ బుధరామ్ తెలుగు రానివాడు. ఆ అరుపు అర్థం కావడానికి తెలుగు రావలసిన పని లేదు. ఫోను అందుకున్నాడు. నేను నేలమీది అద్దాలు తీసుకుని, ఎవరైనా తెలిసినవాళ్ళు చూశారేమోనని చుట్టూ చూశాను. నా పక్కనే, చెయ్యి చాపితే అందేంత దగ్గర, స్కూటరు మీద కాలు ఆన్చుకుని కళ్ళ డాక్టరు కూర్చుని ఉన్నాడు.

ఆయన నన్ను చూడలేదు. నాన్ననే చూస్తున్నాడు.

బుధరామ్ ఫోనులో ఏదో విన్నాడు, తల గోక్కున్నాడు, పెట్టేశాడు. స్టేషన్లో అప్పటికే లెక్కపెట్టే పెట్టెను పరీక్షకు వాడుతున్నారట. వెళ్ళిన చక్రాలన్నీ వచ్చాయని పెట్టె ఎప్పుడో చెప్పేసిందట. ఎప్పుడూ చివరుండే గార్డు డబ్బాను రిపేరుకని వెనక స్టేషన్లోనే తీసేశారు, చివరి డబ్బాకు కట్టిన బోర్డు దారిలో ఎక్కడో ఊడిపడింది. బండికి ఏమీ కాలేదు. పాసింజరుకూ ఏమీ కాదు.

"కకా, అబ్ ఆంఖీ కే జరూరత్ నఇ హే," అన్నాడు బుధరామ్ నవ్వుతూ. ఇప్పుడిక కళ్ళతో పని లేదు బాబాయ్ అని. గేటు దగ్గర అందరూ నవ్వారు.

డాక్టరు స్కూటరు స్టాండు వేసి నాన్న దగ్గరికి వెళ్ళాడు. నాన్న కాలికట్టు ఊడి, పాదం దుమ్ములో రక్తమోడుతోంది. డాక్టరు ఆయన భుజం తట్టాడు, కుడి భుజం. "ఇంత మంచి కళ్ళు దేవుడు అందరికీ ఇవ్వడు బాబా," అన్నాడు హిందీలో. "రేపు రానక్కర్లేదు. ఫిట్ అని రాసేస్తాను. పైకి ఏమీ చెప్పనులే." ఎంత దయ! నా నోట్లో మట్టి కొట్టి, దానికి దయ అని పేరు పెట్టి, స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

గేటు లేచింది. జనం వెళ్ళిపోయారు. నాన్న నా దగ్గరికొచ్చి, మూడు నెలల అలవాటు, నా భుజం మీద చెయ్యి వేశాడు. విదిలించేశాను.

"కళ్ళున్నాయిగా. నడువు."

నడిచాడు. కొంచెం దూరం పోయాక ఆగి అడిగాను. "డాక్టర్ని చూడలేదా?"

"సూసినాను."

"ఎప్పుడు?"

"స్కూటరు ఆపినప్పుడే. నీ ఎడమ పక్కనే గదా ఆపినాడు."

"చూసి కూడా!"

"ఎనకాల కట్ని పాసింజరుందమ్మీ. జనం."

"ఆ జనం నీకేమవుతారు? నేనేమవుతాను?" రోడ్డు మీదే అరిచాను. "మెషిన్ లెక్కపెట్టేసింది నాన్నా! నువ్వు నోరు మూసుకుని నిలబడినా వాళ్ళంతా ఇళ్ళకు వెళ్ళేవాళ్ళే, నేను ఆఫీసుకు వెళ్ళేదాన్ని! నువ్వు ఎవర్ని కాపాడావు?"

"నాకేటి తెలుసు," అన్నాడు.

ఇంట్లో అమ్మకు పండగే. "నా మొగుడికి కళ్ళొచ్చీసినాయి," అని గ్లాసు నిండా టీ పెట్టి ఇచ్చింది. శంకరరావు మావయ్య నల్లద్దాలు తీసుకోవడానికి వచ్చి, సంగతంతా విని, తల పట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర నా చెవిలో అన్నాడు.

"ఇంకొక దారే మిగిలిందమ్మీ. అది మన సేతిలో లేదు."

ఆయన పేరు పెట్టి చెప్పలేదు, నేనూ అడగలేదు. ఉద్యోగంలో ఉండగా పోయాడని భానుప్రియ కాగితాల మీద రాసి ఉంటుంది కదా, అది.

నెల తిరక్కుండా పేనెల్ వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు, రిబ్బను కత్తిరించారు. లీవర్‌మ్యాన్‌లను వరసగా నిలబెట్టి మెళ్ళో దండలు వేశారు. ఒక పెద్దాయన మాట్లాడుతూ, ఇవాళ్టితో మనిషి చాకిరీ నుంచి విముక్తుడయ్యాడు అన్నాడు. విముక్తులు ఏడుగురు. మర్నాటి నుంచి పాత కేబిన్ కింద బెంచీ మీద సంతకం పెట్టి కూర్చోవడం వాళ్ళ డ్యూటీ. జీతం వస్తోంది, పని లేదు. మొదటి నెల పేకాడుకున్నారు. రెండో నెల ఒకరినొకరు తిట్టుకున్నారు. మూడో నెల నుంచి, ఊరికే కూర్చుంటే చూసేవాళ్ళకు బాగుండదని, ఎవరో ఆఫీసరు వాళ్ళకు సున్నం బకెట్లు ఇప్పించాడు. పట్టాల వెంట ఉన్న రాళ్ళకు తెల్లగా సున్నం వేయాలి. వాన వస్తే పోతుంది. మళ్ళీ వేయాలి.

నాన్న బకెట్టు పట్టుకునే ప్రతి బండికీ లేచి నిలబడేవాడట. చివరి డబ్బా దాటేదాకా చూసి మళ్ళీ కూర్చునేవాడట. మిగిలినవాళ్ళు "ఏటి అమ్మన్నా, ఉందా?" అని వెక్కిరించేవారట. "ఉంది," అనేవాడట మర్యాదగా. ఇంట్లో మాత్రం అనడం మానేశాడు. ఇంట్లో ఆయన నా వైపు కూడా చూసేవాడు కాదు. నేను ఎదురుగా ఉంటే కళ్ళు ఎక్కడో పెట్టేవాడు, అద్దం ముందు పెట్టినట్టే. నేను నేర్పిన విద్య నా మీదే వాడాడు.

నేను రోజులు లెక్కపెట్టాను. పదకొండు నెలలు, తొమ్మిది, ఆరు. పట్టాల పక్క పని. వయసు మీదపడిన మనిషి. ఎవరైనా పరిగెత్తుకుంటూ మా క్వార్టరు వైపు వస్తారేమోనని మధ్యాహ్నాలు వరండాలో కూర్చునేదాన్ని, పప్పు బాగుచేసే వంకతో. వీధిలో సైకిలు గబగబా వస్తే చేటలో చెయ్యి ఆగిపోయేది. సైకిలు దాటిపోతే మళ్ళీ కదిలేది. చలికాలంలో ఆయనకు విడవకుండా దగ్గు పట్టుకుంది. అమ్మ మందుకు పంపితే, తార్‌బహార్ దాకా పోయి రావడానికి సాయంత్రం దాకా చేశాను. దుకాణం మూసి ఉందన్నాను. మూసి లేదు. దగ్గు దానంతటదే తగ్గింది. గట్టి ప్రాణం, లీవర్లు లాగిన ఒళ్ళు.

అమ్మకు తెలుసో లేదో నాకు తెలియదు. ఆ నెలల్లో తను నాన్న పళ్ళెం నా చేతికిచ్చేది కాదు, తనే వడ్డించేది.

ఆఖరి రోజు వచ్చింది. నాన్నకు మళ్ళీ ఒక దండ వేశారు, ఒక గోడగడియారం ఇచ్చారు. సాయంత్రం ఎండ ఉండగానే ఇంటికొచ్చాడు, చేతుల నిండా సున్నం మరకలు. అమ్మ దిష్టి తీసి, ఎర్రనీళ్ళు పారబోయడానికి వెనక్కి వెళ్ళింది. గడియారం ఎక్కడ తగిలించాలో నాకు తెలియలేదు, నెల తిరిగితే ఆ గోడ మాది కాదు. చేతిలో పట్టుకునే నిలబడ్డాను.

నాన్న కుర్చీలో కూర్చున్నాడు, నేను వేళ్ళు విదిలించిన కుర్చీయే. వరండా అవతల గూడ్సు ఒకటి వెళ్తోంది. మెడ తిప్పలేదు. ఏడాది తరవాత మొదటిసారి తిన్నగా నా మొహం చూశాడు.

"అమ్మీ, ఇయ్యాల అయిదు గంటల దాకా టైముండేదే," అన్నాడు.

గడియారం అద్దం మీద అంటిన సున్నాన్ని వేలితో తుడిచాను.

"సైకిలొచ్చినప్పుడల్లా నువ్వు సూసీదానివి. లైను మీంచి నాకు అగుపించదేటి? నానూ అదే అనుకున్నాను. బండొచ్చినప్పుడల్లా, ఇయ్యాల దానికెదర నిలబడిపోతే మా గుంటకు కుర్సీ వస్తాది గదా అని అనుకున్నాను. ఇయ్యాల మజ్జాన్నం పట్టా మద్దినే నిలబడ్డాను కూడా." కాలిన పాదం వైపు చూపించాడు. "బండి కూత ఎయ్యగానే ఈ కాళ్ళు ఎనక్కి లాగీసినాయి. ముప్పై నాలుగేళ్ళ అలవాటే. నా సేతిలో లేదు. తప్పయిపోనాది, ఏటీ అనుకోకే."

వెనక పెరట్లో అమ్మ నీళ్ళు పారబోసిన చప్పుడైంది. గూడ్సు దాటిపోయింది. దానికి బోర్డు ఉందో లేదో మా ఇద్దరిలో ఎవరమూ చూడలేదు.

"అచ్ఛా," అన్నాను.